వెనక్కి తీసుకున్న ఆమెన్

మా ఇళ్లల్లో ఆమెన్ అనడానికి ఎవరూ ఆలోచించరు. ప్రార్థన ఎక్కడో ఒకచోట ముగుస్తుంది, ముగిసిన చోట ఆమెన్ అంటాం, అంతే. చిన్నప్పుడు నేను సగం నిద్రలో కూడా సమయం తప్పకుండా అనేవాణ్ని. పాస్టరు గారు దగ్గు వచ్చి ఆగితే ప్రార్థన అయిపోయిందనుకుని అందరికంటే ముందు అనేసి, అమ్మ చేత తొడపాశం తిన్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడు మిర్యాలగూడలో ప్రభుత్వ హైస్కూలు టీచర్ని. చర్చికి పోవడం పండుగలకూ పెళ్లిళ్లకూ పరిమితమైంది. అయినా ఎవరైనా గొంతు తగ్గించి "అడిగి వేడుకుంటున్నాము తండ్రీ" అన్నారంటే నా పెదవులు వాటంతటవే కదులుతాయి. ఈ అలవాటు వల్ల నాకు ఎన్నడూ నష్టం జరగలేదు. మా పెద్దమ్మకు జరిగింది.

పెద్దమ్మ అంటే మా అమ్మకు అక్క. గరిడేపల్లి నుంచి కోదాడ వైపు పోయే దారిలో మా ఊరు. అక్కడ నాట్లు వేసే ఆడవాళ్ల గుంపుకు ఆమే పెద్ద. ఏ రోజు ఎవరి పొలంలో నాటు, ఎంతమంది రావాలి, ఎవరికి నిజంగా జ్వరం, ఎవరికి వట్టి బద్ధకం, అన్నీ ఆమెకు తెలుసు. చదువు రాదు. బైబిలు వాక్యమంతా చెవులతో నేర్చుకుంది. దేవుడి విషయంలో ఆమెది ఒకటే పద్ధతి, మాటంటే మాట. ఫలానా శుక్రవారం ఉపవాసం ఉంటానని ప్రార్థనలో చెప్పుకుందంటే, ఆ రోజు ఇంట్లో పెళ్లయినా సరే పచ్చి మంచినీళ్లు ముట్టదు. ఇలాంటి మనుషులంటే నాకు గౌరవమూ ఉంది, కొంచెం భయమూ ఉంది. వాళ్లతో కలిసి బతకడం సులువైన పని కాదు.

ఆమెకున్న కోరిక ఒక్కటే. బొందలగడ్డకు బాట కావాలి.

మా వాడ వాళ్లను పాతిపెట్టే బొందలగడ్డ ఊరికి తూర్పున, పొలాల అవతల ఉంది. ఒకప్పుడు అక్కడికి బండి బాట ఉండేదని మా తాతల కాలం నుంచి అందరూ చెప్పుకునేదే, అందులో దాపరికం ఏమీ లేదు. పక్క పొలం వాళ్లు దున్నినప్పుడల్లా ఒక సాలు లోపలికి జరిగారు. బాటను ఎవరూ ఒక్కరోజులో మింగలేదు. కాలువ నీళ్లు వచ్చి మెట్ట చేలన్నీ వరి మడులయ్యాక అది పూర్తిగా పొలంలో కలిసిపోయింది. ఎండాకాలం పోయినవాళ్లు అదృష్టవంతులు, కోసిన పొలంలోంచి నిమ్మళంగా వెళ్లిపోతారు. నాట్ల కాలంలో పోతే మాత్రం, మడుల మధ్య ఒక్క మనిషి పట్టే ఒడ్డు మీదుగా శవపెట్టెను మోసుకుపోవాలి. "సచ్చేటోడు గూడ పంట సూసుకొని సావాలె" అని మా వాడలో ఒక మాట ఉంది. నవ్వుతూనే అంటారు.

మా పెద్దనాయన ఆ లెక్క చూసుకోలేదు. వానాకాలం నాట్ల నడుమ పోయాడు. ఒడ్డు మీద ముందు ఇద్దరు, వెనక ఇద్దరు ఒకరినొకరు ఒత్తుకుంటూ మోస్తుంటే, తడిసిన ఒడ్డు కాలి కింద విరిగి, పెట్టె పక్కకు ఒరిగి మడిలో పడింది. మూత ఊడిపోయింది. అప్పుడు కనిపించింది నేను రాయను. పెద్దమ్మ ఏడవలేదు. మడిలోకి దిగి, కొంగు తడిపి ఆయన ముఖం మీది బురద తుడిచి, మూత తనే పెట్టి, "లేపుండ్రి" అంది. ఆ తర్వాత ఎన్నో ఏళ్లు ఆమె నోట ఆ రోజు మాట రాలేదు. బాట మాట మాత్రం వస్తూనే ఉంది.

మా చర్చికి పాస్టరు గారు కోదాడ నుంచి వస్తారు. మోటారు సైకిలు, వెనక భార్య, ఇద్దరి మధ్యా కీబోర్డు. మాట కూడా కోదాడ మాటే, సగం అటు ఆంధ్ర వైపు మొగ్గుతుంది. మంచివాడు. సంఘం చిన్నది, కానుకలు అంతంత మాత్రం, అయినా వానకూ ఎండకూ ఆదివారం తప్పడు.

పంచాయతీ ఎన్నికల ముందు సూర్యాపేటలో పాస్టర్ల సమావేశం ఒకటి జరిగింది. ఓటు వేయడం కూడా భక్తిలో భాగమేననీ, అన్యాయం జరిగినవాడి పక్కన నిలబడకుండా చేసే ప్రార్థన సగం ప్రార్థనేననీ అక్కడ ఎవరో పెద్దాయన గట్టిగా చెప్పాడట. మా పాస్టరు గారు అది మనసుకు పట్టించుకుని వచ్చి, ఆ ఆదివారమే సంఘానికి చెప్పారు. పెద్దమ్మ సాయంత్రం నాకు ఫోను చేసింది.

"అయ్యగారు ఏమన్నరో ఎరికేనా కొడుకా? ఓటు అమ్ముకునుడు బిడ్డను అమ్ముకున్నట్టే అన్నరు. ఓటేసే కాడ నువ్వూ దేవుడే ఉంటరు, మూడో మనిషి ఉండడు అన్నరు."

"మూడో మనిషి రాకుంట సూసే డ్యూటీ మాది పెద్దమ్మా" అన్నాను.

టీచర్ని కాబట్టి ప్రతి ఎన్నికకూ నాకు డ్యూటీ పడుతుంది. ఓటంటే నాకు సంచులు, సీళ్లు, సిరా సీసా, పొద్దున్నే చలిలో దొరకని చాయ. అందులో దేవుడు ఏ మూల కూర్చుంటాడో నేనెప్పుడూ వెతకలేదు. పెద్దమ్మ నా వెటకారాన్ని లెక్కచేయదు. ప్రసంగమంతా మళ్లీ మొదటి నుంచి చెప్పింది.

సర్పంచి పదవికి ఇద్దరు నిలబడ్డారు. ఒకాయన ఊళ్లో పెద్ద రైతు, మిర్యాలగూడలో రైసు మిల్లులో వాటా ఉంది, ఊరంతా పటేలు అంటారు. బాట కలిసిపోయిన పొలం ఆయనదే. రెండో ఆయన రిటైరైన ఆర్టీసీ కండక్టరు. ప్రచారంలో కూడా ఆయనకు బస్సు అలవాటు పోలేదు. "ఇంకెవరన్న ఉన్నరా, ఇంకెవరన్న?" అని అడుగుతూ ఇల్లిల్లూ తిరిగాడు. మా వాడకు వచ్చి, గెలిస్తే ముందుగాల బొందలగడ్డ బాట కొలిపిస్తానన్నాడు. పెద్దమ్మ ఓటు ఆ మాటతోనే ఖాయమైపోయింది.

ఈ సంగతి పటేలు చెవిన పడకుండా ఉంటుందా. ఆయన బాట ఊసే ఎత్తలేదు. చర్చి కప్పు వైపు చూశాడు. మా చర్చికి సిమెంటు రేకులు. ఎండాకాలం లోపల కూర్చుంటే తల మాడుతుంది, వానాకాలం చాప ఎటు జరిపినా అటే కురుస్తుంది. రేకులు తీయించి స్లాబు పోయిస్తానన్నాడు. మా సంఘపెద్ద ఇళ్లు కట్టే మేస్త్రీ. ఆ మాట విన్న సాయంత్రమే టేపు తీసుకుని గోడెక్కి కొలతలు చూసుకున్నాడు.

మరుసటి ఆదివారం పటేలు ఆరాధనకు వచ్చాడు. చెప్పులు బయట విడిచి, ముందు వరసలో వేసిన ప్లాస్టిక్ కుర్చీలో మర్యాదగా కూర్చున్నాడు. నేను అక్కడ లేను. ఎంతమందిని అడిగినా ఒకేలా చెప్పారు కాబట్టి రాస్తున్నాను. ప్రసంగం అయ్యాక పాస్టరు గారు ఆయన తలమీద చెయ్యి ఉంచి ప్రార్థన మొదలుపెట్టారు. మొదట ఆయన కుటుంబం కోసం, తర్వాత ఆరోగ్యం కోసం, తర్వాత మిల్లు కోసం. స్లాబు కోసం స్తోత్రం చెల్లించారు. అదే ఊపులో, అదే గొంతుతో, "ఈ సంఘమంతా ఏకమనసుతో తమ ఓట్లు ఈయనకే వేసి, ఈయన్ని ఈ ఊరికి పెద్దగా నిలబెడతారు తండ్రీ, అడిగి వేడుకుంటున్నాము" అన్నారు. కళ్లు మూసుకుని ఉన్న సంఘమంతా ఒక్క గొంతుతో ఆమెన్ అంది. పెద్దమ్మ కూడా అంది. ఆ తర్వాతే కళ్లు తెరిచింది.

వేరే వాడల్లో ఓటుకు ఒట్టు వేయించుకోవాలంటే పసుపు బియ్యం పట్టుకుని గడపగడపా ఎక్కాలి, ఒక్కొక్కరి చేతా పలికించాలి. ఒట్టు వేసేవాళ్లకు వేస్తున్నామని తెలుస్తుంది కూడా. మా దగ్గర ఆ శ్రమ లేకుండా పోయింది. ఇంత సులువుగా అవుతుందని పటేలుకే తెలిసి ఉండదు. పాస్టరు గారు కావాలని చేశారని కూడా నేను అనను. స్లాబు సంతోషంలో నోరు జారింది. మా వాళ్లకు అలవాటులో జారింది.

మిగతావాళ్లు ఇంటికి పోయి కూర వండుకుని తిన్నారు. పెద్దమ్మ తినలేదు. రెండు రోజులు చూసి మా అమ్మ నాకు ఫోను చేసింది, "అది అన్నం ముట్టుతలేదు, జర వచ్చి నచ్చజెప్పు" అని. శనివారం బడి అయ్యాక బస్సెక్కాను. నేను పోయేసరికి పెద్దమ్మ గడపలో కూర్చుని, పొయ్యి వెలిగించకుండా, ఊరికే చాట పట్టుకుని ఉంది.

"ఏంది పెద్దమ్మా, గింతదానికే పరేషానా? అందరితోని గుంపుల అన్నవ్. అది లెక్కకు రాదు."

"గుంపుల అన్నది లెక్కకు రాకపోతె, గుంపుల చేసిన ప్రార్థన లెక్కకొస్తదా?"

నేను ఇంకో వైపు నుంచి వచ్చాను. "ఎవ్వలకు ఏసినవో ఎవ్వలకు తెల్వది. లోపలికి పోయి నీకు నచ్చినోళ్లకు ఏసి రా. ఖతం."

"మనుషులకు తెల్వది. ఆయనకు తెల్వదా? ఆయన ముంగట ఒకటి అని, ఆయన ముంగటనే ఇంకోటి చెయ్యాల్నా?"

"గట్లయితె పటేలుకే ఎయ్యి."

ఆమె నావైపు చూసింది. చాట పక్కన పెట్టింది.

"మీ పెద్దనాయన మీద మల్ల బురద పోసినట్టయితది" అంది.

నా చదువుకు అందిన దారులు అంతటితో అయిపోయాయి. ఎటు వేసినా ఆమె మాట తప్పుతుంది, ఒకవైపు దేవుడి దగ్గర, ఇంకోవైపు మొగుడి దగ్గర. ఇంత చిన్న విషయానికి అంత పెద్ద బాధ ఎందుకని నాకు లోపల విసుగొచ్చింది. ఆ బాధ నిజమైనదని కూడా తెలుసు. ఆ పూట ఆమె తిన్నదల్లా నేను బతిమాలితే తాగిన చాయ.

తెల్లారి ఆదివారం. ఆమె కోసం నేనూ చర్చికి పోయి వెనక వరసలో కూర్చున్నాను. పాటలయ్యాక మా దగ్గర సాక్ష్యాలు చెప్పుకుంటారు. ఎవరికి ఏ మేలు జరిగిందో లేచి నిలబడి సంఘం ముందు చెప్పాలి. తప్పిపోయిన బర్రె దొరికిందని ఒకాయన చెప్పాడు. కొడుక్కు జ్వరం తగ్గిందని, దవాఖానలో సూది నొప్పి కూడా తెలియలేదని ఒకామె చెప్పింది. తర్వాత పెద్దమ్మ లేచింది. కొంగు తలమీదికి లాక్కుంది.

"అందరికీ వందనాలు. పోయిన ఆదివారం అయ్యగారు పటేలు కోసం ప్రార్థన చేసిండ్రు. నేను కండ్లు మూసుకొని ఆమెన్ అన్న. పటేలు మీద నాకు కోపం లేదు. గెలిస్తె గెలవనీ. గని నా ఓటు ఆయనకిస్తా అని నేను అనలే, నా నోరన్నది. ఆ ఒక్క ఆమెన్ ఎనక్కి తీసుకుంటున్న. దేవుడు నన్ను మాఫ్ చెయ్యాలె. నా ఓటు సంగతి నేనూ ఆయనా సూసుకుంటం." అని కూర్చుంది.

పాస్టరమ్మ చేతులు కీబోర్డు మీదే ఆగిపోయాయి. సంఘపెద్ద లేచాడు.

"ఆమెన్ ఎనక్కి తీసుకునుడు ఏడన్న ఉన్నదా వదినె? మింగిన ముద్ద మల్ల బయటికి తీస్తవా?"

కొందరు నవ్వారు. నవ్వు ఇంకా అయిపోకముందే నాట్ల గుంపులోంచి ఒకామె లేచి, "నాది గూడ ఎనక్కి" అంది. ఆమె పక్కన ఇంకొకామె. ఆ తర్వాత మూలనున్న ముసలమ్మ, లేవలేక చెయ్యి మాత్రం ఎత్తింది. వాళ్లు విశ్వాసంతో లేచారో, లేవకపోతే నాట్లకు పిలవదన్న భయంతో లేచారో నేను చెప్పలేను. రెండూ కొంచెం కొంచెం ఉండొచ్చు. ఆ రోజు ముగింపు ప్రార్థన పాస్టరు గారు చాలా చిన్నగా చేశారు. అయినా జనం, ఆయన ఏమడిగారో ఒకసారి లోపల చూసుకుని గానీ ఆమెన్ అనలేదు. ఒకరు ముందు, ఒకరు వెనక, కొందరు అననే లేదు. అంత గజిబిజి ఆమెన్ నేను జన్మలో వినలేదు.

మధ్యాహ్నం సంఘపెద్ద పెద్దమ్మ ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"నీ ఒక్కదాని మూలాన స్లాబు ఆగితె తడిసేది అందరం. ముసలోళ్లున్నరు, పసిపోరగాండ్లున్నరు. పోయి పటేలుకు తప్పయిందని చెప్పు వదినె. ఒక్క మాట."

"బతికినోళ్లకు కప్పు గావాలె, నిజమే. సచ్చినోళ్లకు బాట గావాలె. రెండూ ఒక్కాయన చేతులనే ఎందుకున్నయి మరిదీ? జర నువ్వు చెప్పు."

"మాటలు మంచిగనే నేర్చినవ్."

"అయ్యగారే నేర్పిండ్రు" అంది పెద్దమ్మ.

సంఘపెద్ద కోపంగా వెళ్లిపోయాడు. కాసేపటికి పాస్టరు గారు ఒక్కరే వచ్చారు. ఆయన మంచం మీద కూర్చుని, ఇచ్చిన చాయ చల్లారేదాకా గ్లాసు చేతిలో తిప్పుతూ ఉన్నారు.

"నేనూ మనిషినే కదమ్మా. కప్పు కురుస్తుంటే మీ అందరికీ గొడుగు పట్టలేను. ఆయన ఇస్తానన్నాడు, నాకు ఆశ పుట్టింది."

"ఆశ తప్పు గాదయ్యా. ప్రార్థన మీది, ఓటు నాది. రెండు కలిపి ముడేసిండ్రు. గాడనే నాకు గోసయింది."

పాస్టరు గారు తలదించుకున్నారు. "సూర్యాపేటలో విన్నదంతా మీకు వచ్చి చెప్పానండీ. నేనే సరిగ్గా వినలేదు" అన్నారు. లేచేటప్పుడు ఇద్దరూ ప్రార్థన చేసుకున్నారు. ఆ పూట పెద్దమ్మ అన్నం వండింది. వారం రోజుల ఆకలి ఒకేసారి తీర్చుకున్నట్టు తిని, నాకు కూడా బలవంతంగా వడ్డించింది. నాకు ప్రాణం తేలికపడింది.

పోలింగు రోజు నేను నిడమనూరు మండలంలో డ్యూటీలో ఉన్నాను. మా ఊళ్లో ఎవరు ఎలా వేశారో నేను చూడలేదు. పెద్దమ్మను అడగనూ లేదు, అది అడగకపోవడమే మా ఉద్యోగం నేర్పిన మర్యాద. ఆ రోజు వరసలో నిలబడ్డ ఆడవాళ్లను మాత్రం కాసేపు వేరేగా చూశాను. ఎవరెవరు ఏయే ప్రమాణాలు మోసుకొచ్చారో అనిపించింది. తర్వాత రద్దీ పెరిగి ఆ ఆలోచన పోయింది.

పటేలు గెలిచాడు. మంచి మెజారిటీ. కండక్టరు సాబు తన ఓటమి గురించి ఒకటే మాటన్నాడు, "మన స్టేజి రాలే, గంతే". పటేలు స్లాబు కూడా పోయించాడు. ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడని రాయకపోతే అన్యాయమవుతుంది. పెద్దమ్మ ఆ స్లాబు కింద కూర్చుని, "సల్లగున్నది" అంది మెచ్చుకోలుగా. నేను ఉండబట్టలేక అడిగాను, ఎనక్కి తీసుకుని ఏం సాధించినవని.

"కండక్టర్ సాబు ఓడిండు. బాట ఓడలే" అంది.

సోమవారాలు సూర్యాపేట కలెక్టరు ఆఫీసులో అర్జీలు తీసుకుంటారు. ఎన్నికలయ్యాక నాట్లు లేని సోమవారం వచ్చిందంటే చాలు, పెద్దమ్మ తన గుంపుతో బస్సెక్కేది. సద్దిమూట కట్టుకుని, ఆఫీసు ముందు వరసలో నిలబడి, నంబరు వచ్చేదాకా పక్కవాళ్ల బాధలన్నీ కనుక్కునేది. పింఛను రాని వాళ్లకు ఏ కిటికీ దగ్గరికి పోవాలో కొన్నాళ్లకు ఆమే చెప్పసాగింది. రెండోసారి నుంచి పాస్టరు గారు కూడా కోదాడ నుంచి నేరుగా వచ్చి వరసలో నిలబడ్డారు. ఎవరూ రమ్మనలేదు. ఒకసారి లోపలికి పోయే ముందు ఆయన ప్రార్థన చేయబోతే, "జర చిన్నగ చెయ్యుండ్రి అయ్యా, నంబరు పోతది" అందట పెద్దమ్మ.

కోతలయ్యాక సర్వేయరు వచ్చాడు. పొలం ఖాళీగా ఉంది, ఎండ మండుతోంది. కొలిచి, బాట పొడుగునా రెండు పక్కలా రాళ్లు పాతించాడు. పటేలే మజ్జిగ పంపించాడు. "నేనేమన్న వద్దన్ననా? మీ బాట మీరు తీసుకోండ్రి" అని అందరి ముందూ అన్నాడు. మొరం పోయించడానికి పంచాయతీకి డబ్బు రావాలన్నాడు. ఎండాకాలం అలాగే గడిచిపోయింది. తొలకరి పడి దున్నకాలు మొదలయ్యాక చూస్తే రాళ్లు పీకేసి ఒడ్డు మీద పడేసి ఉన్నాయి. ట్రాక్టరు డ్రైవరుకు కనపడలేదని చెప్పారు. కాలువ వదిలారు, మడులు నిండాయి, బాట మళ్లీ నీళ్ల కిందికి పోయింది.

ఆ పొలంలో నాటు వేసింది పెద్దమ్మ గుంపే. ఇది విని నాకు మండింది. సొంత బాట మీద సొంత చేతులతో నాటు వేస్తారా అన్నాను.

"కూలి కూలే కొడుకా. మేమెయ్యకపోతె పక్కూరోళ్లొచ్చి ఏస్తరు. మాకు ఆ నెల బియ్యం ఉండయి" అంది. "బాట ఏడున్నదో నా కాళ్లకు ఎరికె" అని చేర్చింది.

నాటు వేసిన వారానికి సంఘపెద్ద తల్లి చనిపోయింది. ఆ ఆదివారం పెద్దమ్మ మీద కోపంతో వెళ్లిపోయిన సంఘపెద్దే. నేను మిర్యాలగూడ నుంచి వచ్చేసరికి పాటలు పాడుతూ పెట్టెను ఎత్తుతున్నారు. పొలం దగ్గరికి రాగానే అందరూ ఆగారు. ముందు ఒడ్డు. రాత్రి పడిన వానకు నల్లగా మెరుస్తోంది. సంఘపెద్ద, తల్లి పెట్టె తల వైపు కొన భుజాన పెట్టుకుని ఒడ్డునూ మడినీ మార్చి మార్చి చూశాడు. పెద్దనాయన పెట్టె పడిన రోజు మోసినవాళ్లలో ఆయన కూడా ఒకడు. ఆయన ముఖంలో భయం స్పష్టంగా కనిపించింది.

"మడిల దిగుదాం" అన్నారు ఎవరో.

మగవాళ్లు కొందరు దిగబోయారు. నాట్ల గుంపు ఆడవాళ్లే వద్దన్నారు. పటేలుకు భయపడి కాదు. అప్పుడే వేళ్లు పట్టుకుంటున్న నారు మీద కాలు వేయడం వాళ్ల చేత కాదు, ఎవరి పొలమైనా సరే. తాము వంగి వంగి పెట్టిన నారు. శవం భుజాల మీద, జనం ఒడ్డు మీద, ఎటూ కదలకుండా ఉండిపోయారు.

పెద్దమ్మ చీర పైకి దోపుకుంది. మడిలోకి దిగింది. కాలితో నేలను తడుముకుంటూ నాలుగడుగులు వేసి, ఒకచోట ఆగి వంగింది. తన ముందున్న నారు గుప్పెడు వేళ్లతో సహా పీకి, పక్కకు తిరిగి, పాత బాట హద్దుకు అవతల సాళ్ల మధ్య మళ్లీ నాటింది. ఇంకో గుప్పెడు పీకింది. నాటింది. గుంపుకు అర్థమవడానికి ఎంతో సేపు పట్టలేదు. ఒక్కొక్కరే చీరలు దోపుకుని దిగారు. వరసగా నిలబడి, ఎప్పుడూ వెనక్కి జరుగుతూ నాటే వాళ్లు ఆ రోజు ముందుకు జరుగుతూ పీకారు, రెండు పక్కలకూ పంచి నాటారు. నాట్లలో పాట లేకుండా వాళ్ల చేతులు ఆడవు. ఎవరో చావు పాటే ఎత్తుకున్నారు, నాటు లయలో. పెట్టె వెడల్పు, ఇరుపక్కలా మోసేవాళ్ల వెడల్పు, అంత మేర బురద నీళ్లు ఖాళీగా తేలుతూ వచ్చాయి.

పటేలు మోటారు సైకిలు దిగి రోడ్డు మీంచి వచ్చాడు. సర్పంచి అయ్యాక ఆయన ఎవరింట చావైనా వస్తున్నాడు.

"ఏందమ్మా గిది?"

పెద్దమ్మ నడుము ఎత్తలేదు. "నీ నారు నీకే పెడుతున్నం పటేలా. ఒక్క పోస పోదు. మా బాట మేం తీసుకుంటున్నం."

ఆయన పెట్టె వైపు చూశాడు, పొలం వైపు చూశాడు. శవాన్ని ఆపాడన్న పేరు ఏ సర్పంచికీ అక్కర్లేదు. పైగా ఆపడానికి అక్కడ నష్టమేమీ కనబడటం లేదు. చెప్పులు విడిచి, ఒడ్డు మీద పక్కకు జరిగాడు. పాస్టరు గారు పంచె ఎగ్గట్టి ముందు నడిచారు. పెట్టె నేరుగా, ఒరగకుండా, నాలుగు భుజాల మీద వెళ్లింది. నేనూ కాసేపు ఒక కొన మోశాను. సంఘపెద్ద దారి పొడుగునా ఏడుస్తూ, పెద్దమ్మ పక్కకు వచ్చినప్పుడు "వదినె" అని మాత్రం అనగలిగాడు.

మట్టి ఇచ్చి తిరిగి వస్తుంటే ఆడవాళ్లు ఇంకా మడిలోనే ఉన్నారు, వంగిపోయిన సాళ్లు సరిచేస్తున్నారు. పెద్దమ్మ నన్ను చూసి బురద చేత్తో చొక్కా పట్టుకుని ఆపింది.

"నన్ను గూడ గిట్లనే తేవాలె కొడుకా. ఒడ్డెక్కియ్యకుండ్రి."

"తెస్త పెద్దమ్మా" అన్నాను.

"మీ పెద్దనాయనను గిట్ల తేలేకపోయిన" అంది. అని, ఆ మడి నడుమ నిలబడి, ఇన్నేళ్లకు ఆయన కోసం గట్టిగా ఏడ్చింది.